సొట్ట తీసిన ట్యాంకు

బాయిలర్‌కీ బాతుకీ మధ్య పచ్చగడ్డి వేస్తే భగ్గుమంటుంది. ఒకడు బావ, ఇంకొకడు బావమరిది. బావ ఇనుప ట్యాంకులూ బాయిలర్లూ చేస్తాడు. నోరు తెరిస్తే ఆవిరే గనక వీధి వీధంతా అతన్ని బాయిలర్ అంటుంది. బావమరిది ఫైబరుతో పిల్లల జారుడుబల్లలూ, పార్కు చెరువుల్లో కాళ్లతో తొక్కే బాతు పడవలూ చేస్తాడు. ఆ పేరు పెట్టింది బావే. అక్క పెళ్లయిన కొత్తలో నలుగురిలో, "ఇదిగో, మా బాతు వచ్చాడు" అన్నాడు. అందరూ పగలబడి నవ్వారు. ఆ నవ్వు బాతు చెవుల్లో ఇప్పటికీ మోగుతూనే ఉంది.

అలాంటి ఇద్దరు కలిసి జలాంతర్గామి కడుతున్నారంటే ఎవడు నమ్ముతాడు చెప్పండి! కట్టాలన్న పిచ్చి బాయిలర్‌ది. ఊరి బయట, తవ్వడం మానేసి నీళ్లు నిండిపోయిన రాళ్ల క్వారీ ఒకటుంది. దాని అడుగున ఎప్పుడో పడిపోయిన తవ్వే యంత్రం ఉందట. దాన్ని కళ్లారా చూడాలట! ఎవరైనా అడిగితే, "ఎందుకేమిటి, చూడ్డానికి" అంటాడు. కానీ క్వారీలోకి దించాలంటే క్రేను కావాలి, తీగ చుట్టి దించే వించి కావాలి, తేలడానికి పక్క డబ్బాలు కావాలి. అవన్నీ ఉన్నది బాతు షెడ్డులో. అక్క తమ్ముడి గడ్డం పట్టుకుంది. "నా మొహం చూసి ఒప్పుకోరా. ఈ వంకతోనైనా మీరిద్దరూ ఒకచోట కూర్చుంటారు" అంది. పిచ్చి అక్క! పామునీ ముంగిసనీ ఒకే బుట్టలో పెట్టి స్నేహం చేసుకోమంది.

మొదటి గొడవ, మనిషి కూర్చునే గదిని దేంతో చెయ్యాలన్న దగ్గరే వచ్చింది. నీటి బరువంతా మోయాల్సింది అదే. అది నిలిస్తే లోపలి మనిషి నిలుస్తాడు.

"ఫైబరు" అన్నాడు బాతు. "తుప్పు పట్టదు, బరువుండదు. పొర మీద పొర వేసుకుంటూ పోతాను, గోడంత మందం చేస్తాను."

బాయిలర్ బాతు తెచ్చిన ఫైబరు ముక్కని తీసుకెళ్లి జాకీ ప్రెస్సు కింద పెట్టి, పిడి కొట్టడం మొదలుపెట్టాడు. ముక్క కాసేపు బాగానే ఓర్చుకుంది. తర్వాత దాని పక్క మీద తెల్లటి మచ్చ లేచింది. చిటచిటమని చప్పుడు. పొరలు పొరలుగా విడిపోయి, తడిసిన అట్టపెట్టెలా తయారైంది.

"తొక్క ఊడిపోయిందిరా బాతూ!" అన్నాడు బాయిలర్. పనివాళ్లు కడుపు పట్టుకుని నవ్వారు.

ఉన్న మాట చెప్పుకోవాలి. ఆ విషయంలో బాయిలర్‌దే న్యాయం. ఫైబరు పొరల మధ్య ఎక్కడో ఒక గాలిబుడగ చిక్కుకుపోతుంది. అది పైకి కనపడదు, పార్కు చెరువులో దాంతో ఇబ్బందీ ఉండదు. లోతుకు వెళితే అక్కడినుంచే చీలుతుంది. బాతుకి ఆ సంగతి లోపల తెలుసు. తెలిసినా ఒప్పుకోడానికి నోరు రాలేదు. "నీ ప్రెస్సే సరిగ్గా లేదు" అని గొణుక్కుంటూ ముక్కని జేబులో కుక్కుకుని వెళ్లిపోయాడు. ఆ మాట అనకుండా ఉంటే ఎంత బాగుండేది! ఆ రోజు నుంచి బాతు ఏ లోపం చూపించినా, ఫైబరు వద్దన్నందుకు ఏడుస్తున్నాడనే అందరూ అనుకున్నారు.

అల్యూమినియం మాట ఎవరో ఎత్తితే బాయిలర్ చెయ్యి ఊపి కొట్టిపారేశాడు. దాన్ని వెల్డింగ్ చేస్తే అతుకు పక్కన మెత్తబడిపోతుందని అతనికి బాగా తెలుసు. కొత్త స్టీలు రేకు తెచ్చి రోలర్ల మీద గుండ్రంగా వంచుదామని కొన్నాళ్లు అనుకున్నాడు. ఇంతలో పాత ఇనుము కొట్టువాడు ఒక గ్యాస్ ట్యాంకు చూపించాడు. పొడుగ్గా, రెండు చివర్లా గుమ్మటాల్లా ఉంది. దళసరి స్టీలు. బాయిలర్ దాని మీద సుత్తితో కొట్టి చెవి ఆనించి విన్నాడు. అతని ముఖం వెలిగిపోయింది. దాని పక్కన ఒకచోట పెద్ద సొట్ట ఉంది. లారీ మీంచి దొర్లి పడిందట.

"సొట్టదేముంది, అదే లేస్తుంది" అన్నాడు.

ట్యాంకుల పనివాళ్లకి అది పుట్టుకతో వచ్చిన విద్య. ట్యాంకు నిండా నీళ్లు నింపి, మూత బిగించి, పంపుతో లోపల ఒత్తిడి పెంచుతారు. లోపలినుంచి తోసుకొచ్చే నీళ్లకి సొట్ట దానంతటదే బయటికి వస్తుంది. బాయిలర్ అలాగే చేశాడు. కాసేపటికి షెడ్డు అదిరేలా టంగుమని మోగింది. సొట్ట లేచిపోయింది! పనివాళ్లు ఈలలు వేశారు. బాయిలర్ వెళ్లి, ఒత్తిడి మీదున్న ఆ ట్యాంకుకి వీపు ఆనించి నిలబడ్డాడు. అది వాళ్ల షెడ్డులో తాతల నాటి ఆనవాయితీ. ట్యాంకు చేసినవాడే పరీక్షప్పుడు దానికి వీపు ఆనించాలి. పేలితే ముందు పోయేది చేసినవాడే. దూరంగా నిలబడ్డవాడి ట్యాంకుని ఎవడూ కొనడు.

"దీన్లోపల ఇంత ఒత్తిడి పెడితేనే కిక్కురుమనలేదు" అన్నాడు వీపు ఆనించే. "బయట కాసిని నీళ్లు దీన్నేం పీకుతాయి!"

బాతుకి ఒళ్లు మండింది. కానీ ఈసారి మంటతో పాటు అనుమానం కూడా పుట్టింది. పడవ ఒంపు సరిగ్గా వచ్చిందో లేదో చూసుకోడానికి అతను చెక్కతో అర్ధచంద్రాకారంలో అచ్చులు కోసుకుంటాడు. అలాంటి అచ్చు ఒకటి ట్యాంకు కొలతకి కోసి తెచ్చి, చుట్టూ ఆనించుకుంటూ తిరిగాడు. అన్నిచోట్లా అచ్చు అతుక్కుపోయింది. సొట్ట లేచిన చోట మాత్రం మధ్యలో సందు కనపడింది. చిటికెన వేలు దూరేంత సందు. కంటికి గుండ్రంగానే ఉంది, కానీ అక్కడ ట్యాంకు కాస్త చదునుగా ఉండిపోయింది.

అప్పుడైనా బావని పక్కకి పిలిచి మెల్లగా చెప్పొచ్చు కదా! చెప్పడు. బాయిలర్ దగ్గరికి ఇద్దరు పెద్ద గిరాకీలు వచ్చి కూర్చున్న వేళ చూసుకుని మరీ వెళ్లాడు. చేతిలో నీళ్లు తాగేసిన, సొట్టలు పడ్డ ప్లాస్టిక్ సీసా ఉంది.

"బావా, ఇటు చూడు. చిన్నపిల్లలకి కూడా అర్థమయ్యేలా చెబుతాను" అన్నాడు. సీసాలోకి ఊదాడు. సొట్టలన్నీ పోయి సీసా గుండ్రంగా అయింది. "ఇది నువ్వు చేసిన పని. నీకు వచ్చిందల్లా ఇదే." తర్వాత సీసాలోంచి గాలి పీల్చాడు. అది కరకరమని నలిగింది. "ఇది నీళ్లు చేసే పని. ఎక్కడ నలిగిందో చూడు. ఇందాక సొట్ట ఉన్నచోటే! నీ ట్యాంకుకి అక్కడ గుండ్రం రాలేదు. లోపలినుంచి తోస్తే చదును సర్దుకుంటుంది, బయటినుంచి నొక్కితే ఇంకా లోపలికి పోతుంది. లోపల చుట్టూ స్టీలు రింగులు కొట్టు. లేదంటే పక్కన పారేసి వేరే ట్యాంకు చూసుకో. ఇంతకాలం ట్యాంకులు చేశావు, ఈపాటి తెలీదా?"

మాట ప్రతి అక్షరం సరైనదే. చెప్పిన తీరు మాత్రం పుండు మీద కారం చల్లినట్టే. గిరాకీలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. బాయిలర్ మెడ మీద నరాలు ఉబ్బాయి.

"రింగులు కొడితే మనిషి పట్టడు. అయినా నీళ్లలో బాతులాడించుకునేవాడివి, నాకు ట్యాంకు పాఠాలు చెప్పొచ్చావా? బయటికి నడు!"

"నడుస్తాను. ముందు ఖాళీగా దించి చూడు. మనిషి లేకుండా ఒక్కసారి!"

"ఖాళీగానా?" బాయిలర్ లేచి నిలబడ్డాడు. "నేను చేసిన దాన్ని ఖాళీగా పంపి ఒడ్డున నిలబడమంటావా? మా నాన్న ఏ ట్యాంకుకీ దూరంగా నిలబడలేదు. నేనూ నిలబడను. నేను కూర్చునే దిగుతుంది. ఏడుస్తావో చస్తావో నీ ఇష్టం!"

బాతు అక్క దగ్గరికి పరిగెత్తాడు. అక్క బట్టలు మడత పెడుతోంది. వాడు చెప్పిందంతా విని, తల కూడా ఎత్తలేదు.

"అక్కా, నిజంగా చెబుతున్నా. ఆయన్ని దిగనివ్వకు."

"మొదట ఫైబరన్నావు. అది పనికిరాలేదు. ఇప్పుడు ఆయనది పనికిరాదంటున్నావు."

"అది వేరు, ఇది వేరు."

"నీకు ఆయనంటే కుళ్లురా. చిన్నప్పటినుంచీ చూస్తున్నాను, ఎవరైనా నీకంటే ఒక మెట్టు ఎక్కితే నీకు నిద్ర పట్టదు. ఆ షెడ్డులో గిరాకీల ముందు ఆయన పరువు తీశావట. ఏం సాధించావు?"

"ఆయన పోతే నీ గతేంటే?" అన్నాడు బాతు. ఆ మాట నోరు జారింది.

అక్క చేతిలోని చొక్కాని విసిరికొట్టింది. "నోరు కడుక్కో! ఇంకోసారి ఈ గుమ్మం తొక్కావంటే ఊరుకోను!"

గుమ్మం దిగుతూ బాతు తనలో తను ఒక లెక్క వేసుకున్నాడు. నలగాలి. ఆ ట్యాంకు నలగాలి. నలిగి పైకొస్తే, ఆ మాడిన ముఖాన్ని కళ్ల నిండా చూడాలి. అలా అనుకుంటూ వీధి చివరిదాకా నడిచాడు. అక్కడ ఆగిపోయాడు. ముఖం చూడాలంటే ముఖం ఉండాలి కదా! ట్యాంకు నలిగినప్పుడు ఆ ముఖం లోపలే ఉంటుంది. బావ చావాలని అతను ఎన్నడూ కోరుకోలేదు. ఓడిపోవాలని కోరుకున్నాడు, అంతే.

క్రేను ఇవ్వనని కబురు పంపాడు. బాయిలర్ వేరే చోట మాట్లాడుకున్నాడని తిరుగు కబురు వచ్చింది. ఇంక చేసేదేముంది! తన క్రేనైతే కనీసం తను పక్కనుంటాడని, తనే తోలుకెళ్లాడు.

ఆ రోజు క్వారీ దగ్గర జనం బాగానే చేరారు. షెడ్డు పనివాళ్లు, పాత ఇనుము కొట్టువాడు, ఇరుగుపొరుగు, అందరూ రాతి గట్టు మీద కూర్చున్నారు. కింద నీళ్లు నల్లగా ఉన్నాయి. పసుపు రంగు పూసిన ట్యాంకు తీగకి వేలాడుతూ, పక్క డబ్బాలతో సగం మునిగి నీళ్ల మీద ఊగుతోంది. ఒడ్డునుంచి దాని మూత దాకా చెక్క వేశారు. తీగ చుట్టిన వించి పిడి దగ్గర బాయిలర్ మనుషులే నిలబడ్డారు. బాతుని దాని దగ్గరికి కూడా రానివ్వలేదు. అక్క వాడివైపు చూడలేదు.

బాయిలర్ చేతి తొడుగులు వేసుకుంటూ అందరితో జోకులు వేస్తున్నాడు. మూత తెరిచే ఉంది. బాతు ఆ తెరిచిన మూతవైపు చూశాడు. తర్వాత చెక్క మీద గబగబా నడిచి, ఎవరూ ఆపేలోపు, కాళ్లు ముందుకు పెట్టి ట్యాంకులోకి జారిపోయాడు.

లోపల రంగు వాసన. గట్టి ఇనుప కుర్చీ. మోకాళ్లు గడ్డానికి తగులుతున్నాయి. ఎదురుగా పళ్లెమంత కిటికీ. భుజం పక్కన, చెయ్యి చాపనక్కర్లేకుండానే తగిలేంత దగ్గరలో, ఆ చదునుగా ఉన్న చోటు. ఇరుకు చోట్లంటే బాతుకి చిన్నప్పటినుంచీ భయం.

మూతలోంచి బాయిలర్ ముఖం కనిపించింది. "బయటికి రా."

"రాను. నేనిందులో ఉంటే నువ్వు కూర్చోలేవు. ముందు ఖాళీగా దించుతానని చెప్పు, వస్తాను."

"అందరిముందూ నా పరువు తీస్తావా?"

"తీస్తాను. ఏం చేసుకుంటావో చేసుకో."

బాయిలర్ దవడలు బిగుసుకున్నాయి. "సరే. నువ్వే దిగు అయితే" అన్నాడు. మూత ధడాలున పడింది. పైన చక్రం తిరిగి బిగుసుకున్న చప్పుడైంది.

బావ తనని చంపబోవడం లేదని బాతుకి తెలుసు. అదే పెద్ద చిక్కు! ఆ మొండివాడికి తన ట్యాంకు మీద అంత నమ్మకం. కిందికి పంపి, క్షేమంగా పైకి లాగి, నలుగురిలో నోరు మూయిస్తాడట. వించి కిర్రుమంది. పక్క డబ్బాల్లోకి నీళ్లు ఎక్కి ట్యాంకు కదిలింది. కిటికీ అద్దం సగానికి నీళ్లు ఎక్కాయి. బాతుకి అరవాలనిపించింది. బతిమాలాలనిపించింది. ఒక్క దెబ్బ కొడితే పైన వినపడుతుంది. కొట్టలేదు. ఈ చెయ్యి ఇనుము మీద పడితే బావ గెలిచినట్టే అనుకున్నాడు. చూడండి ఎంత పంతమో! చావు ముందు కూర్చుని కూడా, పై చెయ్యి ఎవరిదనే లెక్కే వేస్తున్నాడు.

నీళ్లు కిటికీ పైకి వచ్చేశాయి. లోపల పచ్చటి చీకటి కమ్మింది. అప్పుడు వినపడింది, ఇనుములోంచి, అక్క గొంతు.

"ఆపండి! ఆపండి! వాణ్ణి బయటికి తియ్యండి!"

వించి ఆగింది. ట్యాంకు మళ్లీ లేచింది. మూత తెరుచుకుని వెలుతురు కళ్లలో పొడిచింది. అక్క చెక్క మీద మోకాళ్ల మీద కూర్చుని, చక్రాన్ని రెండు చేతులా పట్టుకుని ఉంది. జుట్టు ముడి ఊడిపోయింది. ఆమె వెనకే బాయిలర్ నిలబడి ఉన్నాడు. అతని ముఖంలో కోపం లేదు. తన ముందు ఆ ముఖం కోపమో వెటకారమో లేకుండా ఉండటం బాతు ఇన్నేళ్లలో చూడలేదు.

"ఎందుకు ఆపమన్నావు?" అని అడిగాడు భార్యని, మామూలు గొంతుతో.

"వాడు... వాడు లిఫ్టు ఎక్కడానికే భయపడతాడండీ. అలాంటివాడు ఇందులో కూర్చున్నాడంటే..."

"పొద్దున నాకు టీ ఇచ్చి, వెళ్లి రండి అన్నావు. వద్దని ఒక్క మాట అన్నావా?"

"మీరు చేసింది కదా, మీ పని మీద నమ్మకం..."

"అదే ట్యాంకు. అదే నీళ్లు. నేను కూర్చుంటానంటే ఉన్న నమ్మకం, మీ తమ్ముడు కూర్చోగానే ఎటు పోయింది?"

అక్క చెప్పాలనుకున్నది బాతుకి అర్థమైంది. అంత పిరికివాడు, కుళ్లు కోసం ప్రాణం మీదికి తెచ్చుకోడు. అందులో దిగాడంటే వాడన్నది నిజమై ఉండాలి. ఆ క్షణంలోనే ఆమెకి తట్టింది. అంతకుముందు తట్టలేదు, అంతే. కానీ దాన్ని విడమరిచి చెప్పేంత ఊపిరి ఆమెకి లేదు, వినేంత ఓపిక బాయిలర్‌కి లేదు. బాతు చెప్పొచ్చు. ఆ ఒక్క ముక్క బాతు చెప్పొచ్చు. ఇన్నేళ్లూ నోరుపారేసుకోవడమే తప్ప బావతో ఒక మంచి మాట అనడం అలవాటు లేక, తెరిచిన మూత అంచు పట్టుకుని కూర్చున్నాడు.

"బయటికి రా" అన్నాడు బాయిలర్. బాతు వచ్చాడు. బాయిలర్ ఒడ్డున రాళ్లు ఏరి, మనిషి బరువుకి సరిపడా కుర్చీలో వేశాడు. తనే మూత బిగించాడు. తనే వించి దగ్గరికి వెళ్లి, అక్కడున్నవాళ్లని పక్కకి నెట్టి, పిడి పట్టుకున్నాడు. ఖాళీగా దించనని అంత గొంతు చించుకున్నవాడు, ఒక్క మాట లేకుండా దించాడు.

తీగ చాలాసేపు దిగింది. బాతు మొదటిసారి, నలగకూడదు దేవుడా, నలగకూడదు అనుకున్నాడు. నలగకపోతే తను జీవితాంతం తలెత్తుకోలేడు. అయినా పర్వాలేదు అనుకున్నాడు.

అడుగునుంచి ఒక చప్పుడు వచ్చింది. పెద్దదేం కాదు. పక్కింట్లో బీరువా తలుపు గట్టిగా వేసినట్టు. తీగ ఒక్కసారి గుంజుకుని వణికింది. ఆ వెనకే నీళ్ల మీదకి గాలి బుడగలు కుతకుతమని లేచాయి.

పైకి లాగడానికి బాయిలర్‌తో పాటు మరో ఇద్దరు పిడి పట్టాల్సి వచ్చింది. ట్యాంకు నీళ్లు కక్కుకుంటూ వచ్చింది. సొట్ట తీసిన పక్క మొత్తం లోపలికి ముడుచుకుపోయింది. కిటికీలోంచి చూస్తే ఇనుప కుర్చీ అవతలి గోడకి నొక్కుకుపోయి ఉంది. పాత ఇనుము కొట్టువాడు తల తిప్పేసుకున్నాడు.

బాయిలర్ దాని దగ్గరికి వెళ్లి, ముడుచుకుపోయిన చోట ఒకసారి అరచెయ్యి వేసి చూశాడు. చేతి తొడుగులు తీసి కింద పడేశాడు. బాతు ముందుకొచ్చి ఆగాడు. ఇన్నేళ్లు కలగన్న ముఖం ఎదురుగానే ఉంది, చూడలేకపోయాడు.

"నువ్వు చెప్పింది నిజమేరా" అన్నాడు బాయిలర్. "మీ అక్కని నీ బండిలో ఎక్కించుకుని వెళ్లు."

"బావా..."

"తీసుకెళ్లు."

అతను తన లారీ ఎక్కి తలుపు వేసుకున్నాడు. అక్క ఆ తలుపు దాకా పరిగెత్తి, పిడి పట్టుకుని లాగింది. అది తెరుచుకోలేదు. లారీ కదిలాక, చేతిని అలాగే గాల్లో ఉంచి కాసేపు నిలబడింది. తర్వాత తమ్ముడివైపు తిరిగింది.

"ఇంత తెలిసినవాడివి, ఆయనతో ఒక్కసారి మంచిగా చెప్పి ఉండకూడదట్రా?"

బాతు క్రేను బండి తలుపు తెరిచి పట్టుకున్నాడు. అక్క ఎక్కలేదు. లారీ వెళ్లిన దారినే, ఎండలో, నడుచుకుంటూ బయల్దేరింది.